పాటను చూపించే తెరలో మన పాట కూడా కనపడాలి

సంపాదకులు గారికి,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధిలో పొద్దున్నే నాలుగిళ్లలో తెలుగు పేపరే పడుతుంది, అందులో మాది ఒకటి. ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకోవడం గురించి వేసిన వ్యాసం మొత్తం చదివాను. ఏ మైకు కొనాలి, గదిలో గోడలకి ఏం కట్టాలి, అన్నీ వివరంగా చెప్పారు, సంతోషం. కానీ రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తెరిచాక తెర మీద ఏం కనిపిస్తుంది, అది చూసి పనిచేసే మనిషికి ఏం అర్థమవుతుంది అన్నదాని మీద ఒక్క వాక్యం లేదు. మా పని బాగుపడేదీ పాడయ్యేదీ అక్కడే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, దయచేసి వేయండి.

మాది చిన్న గది. పెళ్లి పాటలు, భజనలు, ఎన్నికలప్పుడు ఆటోల మీద తిరిగే పాటలు చేస్తాం. తెలుగు ఒకరోజు, ఒడియా ఒకరోజు, కొండ మీంచి దిగివచ్చే సవర కుర్రాళ్ల పాటలు ఇంకోరోజు. నేను, మా తమ్ముడు, కీబోర్డు వాయించే ఒక కుర్రాడు. ల్యాప్‌టాప్ పాతది, తెర 1366 చుక్కల వెడల్పు, 768 ఎత్తు. ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

రెండేళ్ల కిందట పాతపట్నం వైపు నుంచి ఒక జముకుల కథ జట్టు వచ్చింది, జముకు అనే వాద్యం వాయిస్తూ కథని పాడి చెప్తారు. పాతపట్నం అంటే మాకు పరాయి ఊరు కాదు, రాష్ట్రం మారుతుంది గానీ మనుషులు మారరు, మహేంద్రతనయ నీళ్లు అటూ ఇటూ ఒకటే. కథ చెప్పే తాతకి డెబ్బై దాటాయి. నాలుగు మైకులు పెట్టాం, తాతకి ఒకటి, వంత పాడేవాళ్లిద్దరికి రెండు, జముకుకి దగ్గరగా ఒకటి. నేను లోపల మనుషుల దగ్గర ఉన్నాను, తమ్ముడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. దాదాపు రెండు గంటలు కథ ఆగకుండా నడిచింది. అయ్యాక వెనక్కి తిప్పి వింటే వంతలు ఉన్నారు, జముకు ఉంది, తాత లేడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మైకుకి ఒక్కో వరస ఉంటుంది, దాన్నే ట్రాక్ అంటాం, తాత ట్రాక్ ఖాళీ. ఆయన గొంతు వంతల మైకుల్లో పడింది గానీ బావిలోంచి వస్తున్నట్టు ఉంది.

ఏం జరిగిందంటే, అంతకు వారం ముందే మేం వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. దాని పేరు ఇక్కడ రాయను, ఒక్క దాని గురించి చెప్పడం నా ఉద్దేశం కాదు. పాత వెర్షన్‌లో ఏ ట్రాక్ రికార్డుకి సిద్ధంగా ఉందో దాని మీద ఒక అక్షరం కనిపించేది, ఆ వరస మొత్తం రంగు మారేది. కొత్తదాంట్లో చూడ్డానికి నీటుగా ఉండాలని అక్షరం తీసేశారు. చిన్న గుండ్రటి చుక్క మిగిలింది, ఆపి ఉంటే ముదురు బూడిద రంగు, సిద్ధంగా ఉంటే ముదురు ఎరుపు. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఎరుపు సరిగా ఆనదు, ముదురు ఎరుపు అతనికి నలుపు కింద లెక్క. ఇన్నేళ్లూ ఆ అక్షరం చూసుకునే పనిచేశాడు. అది చాలదన్నట్టు కొత్త వెర్షన్‌లో ఒక్కో ట్రాక్ ఎత్తు పెంచారు. పెద్ద మానిటర్ మీద అందంగానే ఉండొచ్చు, మా 768 చుక్కల్లో మూడు ట్రాకులే పట్టాయి, తాతది నాలుగోది, తెర కింద ఉండిపోయింది. హెడ్‌ఫోన్లలో అందరి గొంతులూ వినపడుతున్నాయి కాబట్టి అనుమానం రాలేదు. వినపడటం వేరు, రికార్డవడం వేరు అని ఈ పని చేసేవాళ్లకి తెలుసు, కానీ ఆ తేడా కళ్లకి చెప్పాల్సింది తెరే కదా.

తాత పన్నెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు, ఒక్క మాట అనలేదు. మళ్లీ పాడాడు. మొదటిసారి అమ్మవారు ఊరి పొలిమేరలో ఆగి మాట్లాడే చోట చాలాసేపు లాగి పాడాడు, రెండోసారి అది రెండు చరణాల్లో అయిపోయింది. అడిగితే "ఆ రోజు అలగొచ్చింది బాబూ" అన్నాడు.

మా తమ్ముడిదే తప్పని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. చూపు తేడా ఉన్న మనిషి పన్నెండేళ్లుగా తప్పు లేకుండా చేసిన పని ఒక్క వారంలో పాడైందంటే మారింది మనిషి కాదు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్లు ఎంతోమంది ఉంటారు, రికార్డింగ్ గదుల్లోనూ తగులుతారు. అయినా సౌండ్ ఎంత వస్తోందో చూపించే మీటర్లు ఇప్పటికీ చాలావాటిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపే. ఎరుపు వచ్చిన చోట ఒక గీతో, ఒక గుర్తో, ఒక అంకో కూడా పెడితే ఎవరికీ నష్టం లేదు.

తెర రూపం మారుస్తున్నామని ఈ కంపెనీలు చెప్పినప్పుడల్లా జరిగేది ఎక్కువగా పై పూతే. ఒకప్పుడు చెక్క పలకల బొమ్మలు, ఇనుప మరల బొమ్మలు, నిజం మిక్సర్ లాగా తిప్పే గుండీల బొమ్మలు పెట్టేవాళ్లు. గుండీని మౌస్‌తో గుండ్రంగా తిప్పలేం, పైకీ కిందకీ లాగాలి, కొత్తగా నేర్చుకునే పిల్లలు ప్రతిసారీ అక్కడే తికమక పడతారు. తర్వాత అవన్నీ తీసేసి అంతా చదునుగా బూడిద రంగులో చేశారు. రెండు పద్ధతుల్లోనూ అసలు బొమ్మ మాత్రం అదే ఉండిపోయింది. ఆ అసలు బొమ్మ గురించే నేను ఎక్కువ చెప్పాలి.

స్వరాలు వేసే కిటికీని దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలో పియానో రోల్ అంటారు. ఆ పేరు ఎక్కడిదంటే, నూరేళ్ల పైమాట, పశ్చిమ దేశాల్లో తమంతట తామే మోగే పియానోలు ఉండేవి, వాటిలో చిల్లులు పెట్టిన పొడుగాటి కాగితం చుట్ట తొడిగేవాళ్లు, ఏ చిల్లు వస్తే ఆ మెట్టు మోగేది. ఆ కాగితాన్నే పక్కకి తిప్పి తెర మీద పెట్టారు. ఎడమవైపు నిలువుగా తెల్ల మెట్లు, నల్ల మెట్లు, కుడివైపు గళ్లు, గళ్లలో స్వరానికో పెట్టె. పియానోకి అది చక్కగా సరిపోయింది, ఎందుకంటే పియానోలో ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్యలో ఏమీ లేదు. మన పాట ఉండేదే ఆ మధ్యలో. కీబోర్డూ కంప్యూటరూ మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ప్రతి స్వరానికీ 0 నుంచి 127 లోపు ఒక అంకె ఉంటుంది, స్వరాన్ని వంచాలంటే బెండ్ అని విడిగా ఇంకో సందేశం పంపాలి. వినడానికి అది పనిచేస్తుంది, మా కుర్రాడు కీబోర్డు పక్కనున్న చక్రం తిప్పి గమకం బాగానే పలికిస్తాడు. తెర మీద చూస్తే మాత్రం పైన తిన్నటి పెట్టె ఉంటుంది, వంపు కింద వేరే పట్టీలో వేరే గీతగా ఉంటుంది. రెండిటినీ మనమే బుర్రలో కలుపుకోవాలి. కలపడం రాని పిల్లవాడు ఏం చేస్తాడు, పెట్టెలు వేసి ఊరుకుంటాడు, వంపు వదిలేస్తాడు. ఇప్పుడు మా వైపు వస్తున్న జానపద పాటల్లో గొంతు జీవంగా ఉండి వెనక వాద్యం కొయ్యలా ఉండటానికి ఇది ఒక కారణం, నేను రోజూ చూస్తున్నాను.

తాత కథకి వెనకాల సన్నగా వేణువు కలుపుదామని మా కుర్రాడు వరసని పియానో రోల్‌లో వేసి ఆయనకి చూపించాడు. తాత కాసేపు చూసి "నా పాట ఇలగ మెట్లు మెట్లుగా ఉంటాదేటి?" అని అడిగాడు. మాకు జవాబు లేదు.

ఆ రాత్రి ఇంకో పని చేశాను. ప్రాట్ అని ఒక ప్రోగ్రాం ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ అనే ఇద్దరు చేశారు, డబ్బు కట్టక్కర్లేదు. అది సంగీతానికి చేసింది కాదు, మాట ఎలా పలుకుతున్నామో పరిశీలించేవాళ్ల కోసం చేసింది. అందులో తాత పాడిన ముక్క అరనిమిషం వేశాను. బూడిద రంగు మచ్చల మీద శ్రుతి ఒక నీలం గీతలా వచ్చింది, ఎక్కడ పట్టాడో, ఎక్కడ జారాడో, ఎక్కడ ఊపాడో మొత్తం. జముకు కూడా వేసి చూశాను. జముకుకి చర్మం మధ్యలోంచి ఒక తీగ వస్తుంది, దాని కొస చేత్తో బిగిస్తూ వదులుతూ మీటుతారు, అందుకే ఆ నాదం ఒక్క చోట నిలబడదు, పైకి జారుతుంది. మామూలు సాఫ్ట్‌వేర్‌లో అది వరసగా లావుపాటి ముద్దల్లా కనిపిస్తుంది, ఏ ముద్ద ఎంత జారిందో తెలీదు. ఇక్కడ ఒక్కో మీటుకి ఒక్కో కొక్కెంలాంటి గీత. మర్నాడు తాతకి చూపించాను. ఆయనకి చదువు రాదు. పాట వేస్తే గీత వెంట వేలు పెట్టి నడిపించి, ఒక చోట ఆపి, "ఇదిగో ఇక్కడ దిగిపోయి మల్లీ ఎక్కినాను" అన్నాడు. ఎవరూ నేర్పలేదు.

కాబట్టి వంపును స్వరం మీదే గీసి చూపించడం కుదరని పని కాదు. జర్మనీ వాళ్ల మెలోడైన్ అనే సాఫ్ట్‌వేర్ 2001 నుంచీ గొంతుని అలా చూపిస్తూనే ఉంది, కొనాలంటే మా లాంటి గదులకి భారం. అదే చూపు మామూలు సాఫ్ట్‌వేర్లో మొదటి కిటికీగా రావాలని నా కోరిక, ఎక్కడో మూడో మెనూలో దాచిపెట్టిన అదనపు సౌకర్యంగా కాదు.

మెట్ల పేర్లు కూడా చూడండి. తెర మీద సీ, డీ, ఈ అని ఉంటాయి. మా దగ్గరికి వచ్చే గాయని "నాది ఐదున్నర శ్రుతి" అంటుంది. హార్మోనియం పట్టిన ప్రతివాళ్లకీ అర్థమవుతుంది, మొదటి తెల్లమెట్టు ఒకటి, దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, అలా లెక్క. ఐదున్నర అంటే జీ షార్ప్. ఆమెకి అది షడ్జమం, స. తెర మాత్రం సీ నుంచే మొదలవుతుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మంచి వీలుంది, మామూలు టెక్స్ట్ ఫైల్‌లో స్వరం అంకె, పక్కన మనకి నచ్చిన పేరు రాసి ఎక్కిస్తే ఎడమవైపు ఆ పేర్లే కనిపిస్తాయి. నేను జీ షార్ప్ అంకె 56 దగ్గర స అని మొదలుపెట్టి ఐదున్నరకి ఒక ఫైలు, ఒకటికి ఇంకో ఫైలు, ఇలా చేసుకున్నాను. అరగంట పని. ఆ రోజు నుంచి మా కుర్రాడికి రాగం చెప్పడం తేలికైపోయింది, మోహనం అనగానే ఏ గీతలు ముట్టుకోకూడదో తనకి తెలిసిపోతోంది. అయితే ఇలా ఫైళ్లు మార్చుకునే బదులు "శ్రుతి ఎంత?" అని ఒక్క మాట అడిగి తెరే మారిపోతే ఎంత బాగుంటుంది.

తాళం సంగతీ అంతే. పాటలు కట్టే ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ 1997లో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో మొదలైనప్పటి నుంచి దాని గుర్తు దెబ్బలు వేసుకునే పదహారు గడులే, నాలుగేసి గడులకి ఒక రంగు. మా పిల్లలందరూ దాంతోనే నేర్చుకున్నారు. ఆదితాళానికి ఇబ్బంది లేదు. మిశ్రచాపు ఏడు, మూడూ నాలుగూ, తకిట తకధిమి. ఏడు పెట్టమంటే ఏడూ పెడుతుంది, కానీ చాలావాటిలో మూడు తర్వాత విరుపు ఉందని కళ్లకి తెలిసేలా ఏమీ గీయరు, ఏడు గీతలూ ఒకే తీరుగా ఉంటాయి. అది చూస్తూ డోలు వేస్తే దెబ్బలు సరిగ్గానే పడతాయి, నడక పోతుంది. మా తాత కథలో కాలం మధ్య మధ్యలో సాగుతుంది కూడా, మాట బరువెక్కిన చోట ఆయన నెమ్మదిస్తాడు. అప్పుడు మేం పాటని గళ్లకి లాగుతున్నాం. గళ్లు పాట వెంట సాగాలి.

ఇక భాష. ట్రాకుల పేర్లు నేను తెలుగులోనే పెట్టుకుంటాను. తప్పెట అని రాస్తే ఒక సాఫ్ట్‌వేర్‌లో కింది ప వత్తు తెగిపోయి తపెట అయింది. ఇంగ్లీషు అక్షరం ఎత్తు చూసుకుని పట్టీ గీశారు, మన వత్తులు కిందకి దిగుతాయని, స్త్రీ అనే ఒక్క మాటకే ఎంత చోటు కావాలో వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంకోదాంట్లో మెనూలన్నీ తెలుగులో వచ్చేలా పెట్టి చూశాను, ఆశగా. ధ్వనిముద్రణ ఆరంభించుము, క్రమక్షీణత, ఇలా ఉంది. రెండు రోజుల్లో మళ్లీ ఇంగ్లీషుకి మార్చేశాం. మా గదిలో రికార్డ్ అంటాం, ట్రాక్ అంటాం, కట్ చెయ్యి, కొంచెం ఎకో తగ్గించు అంటాం. శ్రుతి, తాళం, కాలం, వంత ఇవి ఎలాగూ మనవే. ఈ రెండూ కలిపి మేం ఎలా మాట్లాడుకుంటామో అలాగే రాస్తే చాలు.

ఈ మాట మా ఊరి నుంచి చెప్పే హక్కు మాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. గిడుగు రామ్మూర్తి పంతులు గారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది ఇక్కడి రాజావారి బడిలోనే. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఏటా ఆగస్టు 29న తలుచుకుంటున్నాం. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది సవర భాష కోసం ఆయన చేసింది. సవరల దగ్గర కూర్చుని, విని, నేర్చుకుని, ఆ తర్వాతే వాళ్ల మాటకి పుస్తకం రాశారు. తెర గీసేవాళ్లు కూడా ముందు ఆ పని చేయాలి. ఒక జముకుల కథ జట్టు పక్కన, ఒక భజన మాస్టారు పక్కన రెండు రోజులు కూర్చోవాలి.

భజన మాస్టారు అంటే గుర్తొచ్చింది. మా దగ్గరికి వచ్చే హార్మోనియం మాస్టారుకి చూపు లేదు, అయినా రికార్డింగ్ పని తనే చేస్తారు. రీపర్‌కి ఒసారా అనే ఉచిత జోడింపు ఉంది, ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాంతో కలిసి తెర మీద ఏముందో చదివి వినిపిస్తుంది, ఆయన కీబోర్డు మీదే అంతా నడిపిస్తారు. కొత్త రూపం పేరుతో బటన్ మీద బొమ్మ మాత్రమే పెట్టి దానికి పేరు రాయకపోతే ఆయనకి "బటన్, బటన్" అని వినపడుతుంది, అంతే. పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం ముఖం మొత్తం మారుతోంది. రోజర్ డానెన్‌బర్గ్, డొమినిక్ మజోనీ 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది, ఉచితం, లోపలి కోడ్ కూడా ఎవరైనా చూడొచ్చు, మన ఊళ్లలో చాలామంది మొదట పట్టుకునేది అదే. నాలుగో వెర్షన్ కోసం తెరని మళ్లీ మొదటి నుంచి కడుతున్నారు. ఇటువంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో బయటివాళ్లు సలహా రాయొచ్చు, అనువాదం చేయొచ్చు, కోడ్ రాసి పంపొచ్చు. రీపర్‌లో అయితే తెర రూపాన్ని వాడేవాళ్లే గీసుకోవచ్చు, ఇతర దేశాల వాళ్లు ఎన్నో గీసుకుని పంచుకుంటున్నారు. హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తూ సంగీతం ఇష్టపడే తెలుగు పిల్లలు ఎంతమంది లేరు! వాళ్లలో నలుగురు కలిస్తే శ్రుతి అడిగే తెర, తకిట తకధిమి విరుపు కనిపించే గళ్లు, వత్తు తెగని పట్టీ, ఇవి ఒక వేసవిలో అయ్యే పనులు. సంగీత కళాశాలల వాళ్లు స్వరస్థానాల విషయంలో వాళ్లకి తోడు కూర్చోవాలి. మీ పత్రిక కూడా కొత్త సాఫ్ట్‌వేర్ గురించి రాసేటప్పుడు ధరతో పాటు ఈ ప్రశ్నలూ అడగాలి, చిన్న తెర మీద పడుతుందా, రంగు తెలియనివాళ్లకి అర్థమవుతుందా, తెలుగు రాస్తే సరిగా కనిపిస్తుందా అని.

ఎవరైనా ఈ పని మొదలుపెడితే మా గది తెరిచే ఉంటుంది. తాత అరనిమిషం ముక్క, దాని నీలం గీత, నా శ్రుతి ఫైళ్లు అన్నీ ఇస్తాను. మా తమ్ముడు ఇప్పుడు ప్రతి రికార్డింగ్ ముందు ట్రాకులన్నీ ఒక్కొక్కటే కిందకి జరిపి చూసి, ఒక కాగితం మీద టిక్కు పెట్టుకుని, అప్పుడు సరే అంటున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా